పొడి కోత

మార్కాపురం దాటి కంభం వైపు వెళ్లే రోడ్డు పక్కన ఒక రాతి ఫ్యాక్టరీ ఉంది. అందులో పనివాళ్లు మారారు, మేనేజర్లు మారారు, ఫిట్టరు మాత్రం మారలేదు. పిల్లలు రాసుకునే పలకలు చేసే రోజుల్లో చేరిన కరుణాకరం, పలకల గిరాకీ పడిపోయి, గోడలకు అతికించే రాతి బిళ్లలు కోయడం మొదలుపెట్టాక కూడా అక్కడే ఉన్నాడు. కోత మిషన్లు, పాలిషు మిషను, రాతి దిమ్మలెత్తే క్రేను, బోరు మోటారు, ఆఖరికి ఆఫీసు గదిలో ఫ్యాను, ఏది మొరాయించినా పిలుపు అతనికే.

అతనిది తర్లుపాడు దగ్గర పల్లె. నాయన కూలికి పోయేవాడు. చర్చి పాస్టరు గారు పట్టుబట్టి కరుణాకరాన్ని గిద్దలూరు ఐటీఐలో ఫిట్టరు ట్రేడులో చేర్పించారు. చదువు అయిన కొద్ది రోజులకే ఇక్కడ పని దొరికింది. చేరిన రోజున యజమాని గోపాలకృష్ణ అతన్ని షెడ్డంతా తిప్పి చూపించి, "మిషను నడిస్తేనే ఇక్కడ అందరికీ అన్నం. అది ఆగకుండా చూడడం నీ వంతు" అన్నాడు.

ఆ మాటను కరుణాకరం మామూలుగా తీసుకోలేదు. అక్కడివాళ్లకు కోసిన బిళ్లల లెక్కన కూలి. మిషను ఆగిన పూట కూలి లేదు. బేరింగు పగిలినా, బెల్టు తెగినా అందరూ వచ్చి చుట్టూ నిలబడేవాళ్లు. "అవుద్దా అన్నా, పొద్దు గూకేలోపు అవుద్దా?" అని అడిగేవాళ్లు. అయ్యేది. కొత్త సామాను కొనిచ్చేదాకా అతను ఆగేవాడు కాదు. పాత ఇనుము దుకాణాల్లో వెతికి, ట్రాక్టరుదో, పిండి మరదో ఒక ముక్క తెచ్చి, అరగదీసి, సరిపెట్టి, మిషను తిప్పేవాడు. ఖర్చు తగ్గింది గనుక గోపాలకృష్ణకు సంతోషం. కూలి నిలిచింది గనుక పనివాళ్లకు సంతోషం. తన చెయ్యి పడితే ఆగదన్న పేరు వచ్చింది గనుక కరుణాకరానికి మరీ సంతోషం. అతని భార్య దయామణి అంగన్‌వాడీలో ఆయా. కూతురు ఫెబీ. ఇంట్లో సాయంత్రం పూట అతను చెప్పే కబుర్లన్నీ ఆ మిషన్లవే. దయామణి బియ్యం ఏరుకుంటూ ఊకొట్టేది.

పెద్ద కోత మిషను మీద మాల్యాద్రి ఉండేవాడు. త్రిపురాంతకం అవతల పల్లె అతనిది, గొర్రెలు మేపిన ఇల్లు. ఒక ఏడు మేత దొరక్క మందను అయినకాడికి అమ్ముకుని, భార్య యశోదను, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని మార్కాపురం వచ్చాడు. గొర్రెలు పోయినా గొర్రెల కాపరి ఈల మాత్రం అతనితోనే వచ్చింది. నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేశాడంటే, మిషన్లన్నీ తిరుగుతున్నా షెడ్డు అవతలి కొసకు వినబడేది. మిషనులో ఏదన్నా తేడా కొడితే అరవడం, మనిషిని పంపడం లేదు. ఈల వేయడమే.

"నేనేమన్నా నీ గొర్రెనారా, ఈలేసి పిలుస్తావు?" అని తిడుతూనే కరుణాకరం పరిగెత్తుకొచ్చేవాడు.

"గొర్రెయితే ఈపాటికి వచ్చుండేది గదన్నా" అనేవాడు మాల్యాద్రి.

ఇద్దరూ మధ్యాహ్నం ఒకచోటే కూర్చుని తినేవాళ్లు. దయామణి పెట్టిన చింతకాయ పచ్చడి మాల్యాద్రి గిన్నెలోకి, యశోద చేసిన సజ్జ రొట్టె కరుణాకరం గిన్నెలోకి మారేవి. క్రిస్మస్‌కు మాల్యాద్రి పిల్లలు వీళ్లింట్లోనే ఉండేవాళ్లు.

అట్లా ఉండగా, వరసగా రెండో ఏడాది కూడా వానలు మొహం చాటేశాయి. చలికాలం పోయీ పోకముందే ఊళ్లో బోర్లు ఒక్కటొక్కటే గాలి కక్కడం మొదలుపెట్టాయి. ఫ్యాక్టరీ బోరు కూడా ఒకరోజు గుక్కెడు బురద వదిలి ఊరుకుంది.

రాయి కోసే రంపానికి నీళ్లు కావాలి. బ్లేడు రాతిలో దిగేటప్పుడు పుట్టే వేడిని నీళ్లే లాగుతాయి. కోతలో రాలే పొడిని గాలికి లేవనీయకుండా బురద చేసి కిందికి తీసుకుపోయేవీ ఆ నీళ్లే. గోపాలకృష్ణ ఇంకా లోతుకు బోరు వేయించాడు. సున్నప్పొడి లాంటి ధూళి తప్ప చుక్క రాలేదు. ట్యాంకరు వాళ్లను అడిగితే నవ్వారు. తాగే నీళ్లకే బజార్లలో బిందెలు పెట్టుకుని కొట్లాడుకుంటుంటే రాయికి నీళ్లెవరు పోస్తారు? వానలు పడేదాకా ఫ్యాక్టరీ మూసేస్తున్నానని గోపాలకృష్ణ పనివాళ్లను పిలిచి చెప్పాడు.

కొందరు అప్పటికే మూటలు కట్టుకున్నారు. గుంటూరు వైపు మిరపకాయల కోతలు నడుస్తున్నాయి, లారీలు ఎక్కితే సరి. మాల్యాద్రి మాత్రం కరుణాకరం దగ్గరికి వచ్చి, పనిముట్లు సర్దుకుంటున్న అతని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అన్నా, నేనొక్కడినే అయితే యాడికైనా పోతా. కోతలకు పోతే పిల్లల్ని బడి మానిపించి తీసుకపోవాల. పెద్దది బాగా చదువుతా ఉందని అయ్యవారు చెప్తా ఉన్నాడు. నీళ్లు లేకుండా ఈ మిషను తిరిగేటట్టు చెయ్యలేవా నువ్వు?"

"నీళ్లు లేకుండా ఎట్ల తిరుగుద్దిరా? బ్లేడు మాడిపోద్ది."

"నువ్వు చెయ్యలేంది ఏముందన్నా?"

కరుణాకరం ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. మాల్యాద్రి పిల్లల కోసమా, మాల్యాద్రి వేసిన ఆ చివరి ప్రశ్న కోసమా అంటే, అప్పుడడిగితే పిల్లల కోసమే అనేవాడు.

మరునాడు గోపాలకృష్ణను ఒప్పించి పని మొదలుపెట్టాడు. బ్లేడు ఇరుసుకు పెద్ద చక్రం బిగించి వేగం తగ్గించాడు. నీళ్లు లేకుండా కోసే గాట్ల బ్లేడ్లు హైదరాబాదు నుంచి తెప్పించాడు. మూలన పడి ఉన్న పాత కొలిమి బ్లోయరును శుభ్రం చేసి, దాని గాలి సరిగ్గా బ్లేడు మీద పడేటట్టు గొట్టం అమర్చాడు. నీళ్ల గొట్టాలు విప్పి తుక్కు సామాను గదిలో పడేశాడు. అంతా అయ్యాక మాల్యాద్రిని మిషను మీద నిలబెట్టి మీట నొక్కాడు. మూటలు కట్టుకున్నవాళ్లు కూడా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. రంపం రాతిలోకి దిగింది. గాలి సుళ్లు తిరుగుతూ బూడిద రంగు ధూళి లేచింది. కోత పూర్తయి బిళ్ల విడిపడింది. బ్లేడు ఎర్రబడలేదు. మాల్యాద్రి రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని షెడ్డు దద్దరిల్లేలా ఈల వేశాడు.

ఆ వేసవిలో ఆ రోడ్డు మీద మూతపడకుండా నడిచిన రాతి ఫ్యాక్టరీ అదొక్కటే. మే డే నాడు గోపాలకృష్ణ అందరి ముందు కరుణాకరానికి శాలువా కప్పాడు. ఆ ఫొటోకు ఫ్రేము కట్టించి దయామణి బైబిలు వాక్యాల క్యాలెండరు పక్కన తగిలించింది.

ధూళి సంగతి ఎవరికీ తెలియక కాదు. బ్లోయరు గాలి బ్లేడును చల్లబరిచి, పొడినంతా ఎదుటివాడి మొహం మీదికి తోసేది. కరుణాకరం గొట్టాన్ని పక్కకు తిప్పి చూశాడు. బ్లేడు వేడెక్కింది. మళ్లీ మొదటి చోటికే తిప్పాడు. పనివాళ్లు మూతికి తువ్వాళ్లు కట్టుకున్నారు. సాయంత్రానికి కనుబొమలు, తల వెంట్రుకలు బూడిద పట్టి, అందరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్లు. "మనం ముసలోళ్లమైతే ఎట్లుంటామో ఇప్పుడే చూస్తా ఉన్నాం" అనేవాడు మాల్యాద్రి. వానలు పడేదాకే గదా అనుకున్నారు అందరూ. కరుణాకరమూ అదే అనుకున్నాడు.

వానలు పడ్డాయి. ఆలస్యంగా వచ్చినా బాగా పడ్డాయి. బోరులోకి నీళ్లొచ్చాయి. కరుణాకరం ఆఫీసు గదికి వెళ్లాడు.

"సార్, నీళ్ల లైను మళ్లీ బిగించేదా?"

గోపాలకృష్ణ కాగితాల్లోంచి తలెత్తాడు. "ఎందుకయ్యా? బాగానే నడుస్తుంది గదా."

"దుమ్ము లేస్తా ఉంది సార్."

"నీళ్లు పెడితే బురద. ఆ బురద ఎత్తిపోసేదానికి ఇద్దరు మనుషులు. బిళ్లలు ఆరబెట్టేదానికి ఇంకో రోజు. నీ పద్ధతే బాగుంది కరుణాకరం. అసలు ముందు నుంచీ ఇట్లనే చేసుండాల్సింది. ఉండనీ."

కరుణాకరం "సరే సార్" అని బయటికి వచ్చాడు. వచ్చేటప్పుడు అతని మనసులో ఏముందో తర్వాత ఎన్నోసార్లు తవ్వి చూసుకున్నాడు. అయ్యో అన్న మాట అందులో లేదు. నీ పద్ధతే బాగుంది అన్న మాట ఉంది. ఆ మాటను నెమరేసుకుంటూ, కొంచెం ఛాతీ విరుచుకుని, షెడ్డులోకి నడిచాడు. అతను ఉండేది ఆ షెడ్డులో కాదు. మిషన్లు పాడైనప్పుడే అక్కడికి రావడం, మిగతా పొద్దంతా అవతలి కొసన తలుపున్న గదిలో ఉండేవాడు.

ఇంట్లో దయామణి ఒకసారి అంది. అతని చొక్కా ఉతుకుతూ, బకెట్లో నీళ్లు వంచి చూపించింది. "చూడు ఫెబీ నాయనా, అడుగున ఎట్ల పేరుకుందో. ఇంత సన్న పొడి ఊపిరితో లోపలికి పోదా?"

"తువ్వాలు కట్టుకుంటారులే" అన్నాడు అతను.

"తువ్వాలులో నుంచి పిండే జల్లించుకుంటాం గదా" అంది ఆమె. ఆమె మళ్లీ అడగలేదు.

ఏళ్లు గడిచాయి. ఫెబీ నర్సింగు చదివింది. మాల్యాద్రి పెద్ద కూతురు డిగ్రీ దాకా వెళ్లింది, పెళ్లయింది. మాల్యాద్రికి దగ్గు పట్టుకుంది. ముందు జలుబన్నారు. తర్వాత టీబీ అని మాత్రలు ఇచ్చారు. కోర్సు పూర్తయ్యేదాకా మింగాడు. కొన్నాళ్లు తగ్గినట్టే ఉండి మళ్లీ వచ్చింది. మళ్లీ మాత్రలు మింగాడు. మనిషి సగమయ్యాడు. అయినా పనికి వచ్చేవాడు.

ఒకరోజు కరుణాకరం తన గదిలో ఉండగా పెద్ద మిషను చప్పుడు మారింది. ఏదో వదులై కొట్టుకుంటోంది. ఈల కోసం చూశాడు. రాలేదు. పరుగున వెళ్లేసరికి మాల్యాద్రి మిషను ఆపి, దాన్ని పట్టుకుని వంగి నిలబడి ఉన్నాడు.

"ఈల ఎందుకు వెయ్యలేదురా? ఇంకాసేపు ఉంటే బ్లేడు ఎగిరొచ్చేది గదా!"

మాల్యాద్రి వేళ్లు నోటి దాకా తీసుకెళ్లి, దించేశాడు. "ఊపిరి చాలడం లేదన్నా."

ఆ వారంలోనే కరుణాకరం అతన్ని ఒంగోలు తీసుకుపోయాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత మాల్యాద్రిని చూసి అడిగింది. "ఏం పని చేస్తారు?"

"రాయి కోస్తానమ్మా."

"నీళ్లు పోసి కోస్తారా, పొడిగానా?"

మాల్యాద్రి కరుణాకరం వైపు చూశాడు. అంతకుమించి ఏమీ లేదు ఆ చూపులో. జవాబు బాగా తెలిసినవాడు చెబుతాడులే అన్నట్టు చూశాడంతే. "పొడిగానే" అన్నాడు కరుణాకరం.

"ఇది టీబీ కాదు. రాతి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి అవి గట్టిపడిపోయాయి. దీన్ని వెనక్కి తీసుకురాలేం. ఇకముందు ఆ షెడ్డులో అడుగుపెట్టకూడదు. ఈ పని ఇలా ఎన్నాళ్ల నుంచి చేస్తున్నారు?"



పొదిలి మీదుగా వచ్చే బస్సులో కిటికీ పక్కన మాల్యాద్రిని కూర్చోబెట్టాడు కరుణాకరం. కొనకనమిట్ల దాటింది. ఆ తర్వాత అన్నాడు. "నేను చేసిన పనిరా ఇది."

మాల్యాద్రి బయటికి చూస్తూనే ఉన్నాడు. "అట్లనబాకు అన్నా. నేనడిగితేనే గదా నువ్వు చేసింది. ఆ ఏడు నువ్వు చెయ్యబట్టి నా బిడ్డ బడి మానలేదు." దగ్గు ఆగాక మళ్లీ అన్నాడు. "నువ్వు మేలే చేసినావు."

తిట్టి ఉంటే బాగుండేదని కరుణాకరం అనుకున్నాడు. ఆ మేలు అన్న మాటను ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. ఇంటికి వెళ్లాక శాలువా ఫొటోను గోడ మీంచి తీసి బీరువా వెనక పెట్టాడు. దయామణి చూసింది.

వచ్చిన ఆదివారం అతను చర్చికి వెళ్లలేదు. ఫ్యాక్టరీకి సెలవు. వాచ్‌మన్‌ను అడిగి తాళం తీయించుకుని ఒక్కడే లోపలికి వెళ్లాడు. తుక్కు సామాను కింద నుంచి పాత నీళ్ల గొట్టాలు లాగి బయట పెట్టాడు. పట్టిన తుప్పును గీకాడు, పూడిపోయిన రంధ్రాలను సూదితో పొడిచాడు. పంపుకు కొత్త వాషర్లు వేశాడు. బ్లోయరును విప్పి అవతల పడేశాడు. లైను బిగించి మీట నొక్కాడు. గొట్టం రెండుసార్లు దగ్గి నీళ్లు చిమ్మింది, అవి బ్లేడు మీద సన్నగా పరుచుకున్నాయి.

వాచ్‌మన్ అన్నం తినడానికి ఇంకా ఇంటికి వెళ్లలేదు. చర్చిలో ప్రార్థన కూడా ముగిసి ఉండదు. పని అంతలోనే అయిపోయింది. కరుణాకరం తడి నేల మీద అట్లాగే కూర్చుండిపోయాడు. కష్టమైన పని అయ్యుంటే ఎంత బాగుండేది! సామాను దొరకలేదనో, నెల పట్టిందనో, కొత్త పంపు కావాల్సి వచ్చిందనో ఉంటే, ఇన్నేళ్లూ చేయకపోవడానికి కారణమైనా ఉండేది. ఏమీ కాలేదు. ఒక పూట పని.

సోమవారం గోపాలకృష్ణ వచ్చి, షెడ్డులో పారుతున్న బురద చూసి ఆగిపోయాడు. అతనికీ వయసు మీద పడింది. మునుపటిలా కేకలు వేయడం లేదు.

"నన్నడగకుండా ఏందయ్యా ఇది?"

"మాల్యాద్రికి ఊపిరితిత్తులు పోయినాయి సార్. ఈ దుమ్ముతోనే."

గోపాలకృష్ణ మొహం నల్లబడింది. మెల్లగా అన్నాడు. "నేనొక్కడినే చేసినట్టు చూడబాకు కరుణాకరం. ఇన్నేళ్లూ నడిపించింది నువ్వే గదా."

కరుణాకరం యజమాని మీద కోపం తెచ్చుకుందామని చూశాడు. వచ్చింది గాని నిలబడలేదు. గోపాలకృష్ణ బురదను తప్పించుకుంటూ ఆఫీసు గదికి వెళ్లిపోయాడు. నీళ్లు తీసెయ్యమని మాత్రం అనలేదు.

మాల్యాద్రి స్థానంలో ఫిన్నీ అనే అతను వచ్చాడు. పెళ్లై ఇద్దరు పిల్లలున్నవాడు, పని వచ్చినవాడే. అతనికి ఈ నీళ్లు నచ్చలేదు. బట్టలు తడుస్తున్నాయి, కాళ్లు నీళ్లలో నానిపోతున్నాయి, బిళ్లలు తక్కువ పడుతున్నాయి. ఒకనాడు మధ్యాహ్నం కరుణాకరం అటుగా వచ్చేసరికి నీళ్ల వాల్వు కట్టేసి ఉంది. రంపం పొడిగా కోస్తోంది. ఫిన్నీ మొహం ముందు బూడిద రంగు తెర లేచి ఉంది.

కరుణాకరం గోడ దగ్గరికి వెళ్లి మెయిన్ స్విచ్చి లాగేశాడు. ఒక్క మిషను కాదు, అన్నీ ఆగిపోయాయి. షెడ్డంతా ఒక్కసారిగా మూగబోయింది. పనిలో చేరాక, నడుస్తున్న మిషన్ను తన చేత్తో ఆపడం అతనికి అదే మొదలు.

"ఏందన్నా ఇది! పని మీదుంటే కరెంటు తీస్తావేంది?" అని ఫిన్నీ గొంతు పెంచాడు. మిగతావాళ్లూ గొణిగారు. బిళ్లలు పడని పూట కూలి పోతుందని వాళ్ల బాధ.

"వాల్వు తిప్పు. నీళ్లు పడితేనే కరెంటు."

"ఇంతకుముందు అందరూ పొడిగానే కోసినారంట గదా. అప్పుడు లేని నొప్పి ఇప్పుడేంది నీకు?"

కరుణాకరం చెప్పాలనుకున్నది చాలా ఉంది. "నా మాట విను నాయనా" అన్నాడు చివరికి. "నీ పిల్లల మొహం చూసి విను." ఆ గొంతులో ఏం వినిపించిందో గాని ఫిన్నీ ఇంక వాదించకుండా వెళ్లి వాల్వు తిప్పాడు. ఆ రోజు నుంచి కరుణాకరాన్ని పనివాళ్లు మునుపటిలా చుట్టుముట్టడం మానేశారు. వెనకాల చాదస్తం పట్టిందన్నారు. అతను విన్నాడు, పట్టించుకోలేదు.

మాల్యాద్రి సొంత పల్లెకు చేరుకున్నాడు. వేపచెట్టు కింద మంచం వేసుకుని, తమ్ముడి గొర్రెలు పోయేదీ వచ్చేదీ చూస్తూ ఉండేవాడు. ఎవరో సంస్థ వాళ్లు గాల్లోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషను ఇచ్చారు. కరుణాకరం వీలైనప్పుడల్లా త్రిపురాంతకం బస్సెక్కి వెళ్లేవాడు. వెళ్లగానే ముందు ఆ మిషను మూత విప్పి, జల్లెడ కడిగి ఆరబెట్టి, గొట్టాలు తుడిచి, మళ్లీ బిగించేవాడు. పల్లె దుమ్ముకు అది తొందరగా పూడుకుపోయేది. అంతకన్నా ఏం చేయాలో అతనికి తోచేది కాదు.

"చూసినావా అన్నా, ఆఖరికి నేను గూడా నువ్వు బాగుచేసే మిషను మీదనే బతకాల్సొచ్చె" అని నవ్వబోయి దగ్గేవాడు మాల్యాద్రి. ముక్కు దగ్గర గొట్టం పట్టుకుని అతని వీపు నిమురుతూ కూర్చునేవాడు కరుణాకరం.

ఆ చలికాలం దాటలేకపోయాడు మాల్యాద్రి. తెల్లవారి గొర్రెలను తోలుకుపోయే వేళకు పోయాడని కబురొచ్చింది.

పెద్దకర్మకు కరుణాకరం, దయామణి ఇద్దరూ వెళ్లారు. వచ్చిన చుట్టాలకు యశోద అతన్ని చూపించి, "మా ఇంటాయనకు సొంత అన్న కంటే ఎక్కువ" అని చెప్పింది. పెద్దలతో పాటు మొదటి పంక్తిలో కూర్చోమంది. అతను కూర్చోలేకపోయాడు. గాలి కోసమన్నట్టు దొడ్లోకి వెళ్లాడు. ఖాళీ అయిన గొర్రెల దడి పక్కన నిలబడ్డాడు. కాసేపటికి యశోద అతన్ని వెతుక్కుంటూ వచ్చింది.

"ఏందన్నా, విస్తరి ముందు కూర్చోకుండా వచ్చేసినావు?"

"అమ్మా, నన్నట్ల నలుగురిలో పొగడబాకు. ఆ మిషనుకు నీళ్లు ఆపింది నేను."

యశోద కొంగుతో చేతులు తుడుచుకుంది. "నాకు తెలుసన్నా. ఆయనే గదా అడిగింది. నేను గూడా అడగమన్నా. పిల్లల్ని తీసుకుని కోతలకు పోలేక." ఆమె దడి కర్రను పట్టుకుంది. "వానలు పడినాక గూడా ఎందుకు పెట్టలేదన్నా?"

కరుణాకరం దగ్గర జవాబులు ఉన్నాయి. సారు వద్దన్నాడు. బురద ఎత్తేదానికి మనుషులు కావాలన్నాడు. అన్నీ నిజాలే. వాటిని సాకుగా చెప్పబుద్ధి కాలేదు.

"ఒకసారి అడిగినానమ్మా. వద్దన్నారు. రెండోసారి అడగలేదు."

"ఆయన గూడా అదే అన్నాడు" అంది యశోద. "పోయే ముందు, ఒక్కసారే. 'అన్న ఇంకోసారి గట్టిగా అడిగుంటే సారు వినేవాడే' అన్నాడు. మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. నీతో చెప్పొద్దన్నాడు. నేను చెప్తా ఉన్నా."

ఆమె గొంతులో కోపం లేదు. దాచుకుని దాచుకుని బరువైపోయిన దాన్ని కింద పెట్టినట్టు చెప్పింది. బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని మేలు చేసినావు అన్న మనిషి లోపల, ఈ మాట కూడా అప్పుడే ఉందా? ఉండే ఉంటుంది. రెండూ నిజమే అయ్యుంటాయి. కరుణాకరం దడి మీద చెయ్యి వేసి తల వంచుకున్నాడు. ఏడవలేదు. ఏడ్చే హక్కు తనకు లేదనిపించింది.

యశోద కాసేపు అతన్ని అట్లాగే వదిలేసింది. తర్వాత, "రా అన్నా, అన్నం చల్లారిపోతా ఉంది" అంది. "తినకుండా పోతే ఆయనకు బాగుండదు."

అతను ఆమె వెనకాలే నడిచి, పంక్తి లేచిపోయిన చోట ఒక్కడే కూర్చున్నాడు. యశోద తానే వడ్డించింది. పెట్టినదంతా తిన్నాడు. పెరుగన్నం కలుపుకుంటుంటే ఆమె మామూలు గొంతుతో, ఫెబీకి ఒంగోలులో నర్సు ఉద్యోగం ఎట్లుందని అడిగింది. బాగుందమ్మా అని చెప్పాడు.